కాలువ మీద నడిచిన ఇల్లు

నేను గుమాస్తాగా ఉన్న నంద్యాల బట్టల అంగడికి ఈ ఏడు కొత్త క్యాలెండరు ఒకటి వచ్చింది. కాశ్మీరులో ఏదో చెరువు, దాని మీద చెక్కతో కట్టిన ఇల్లు, కిటికీలకు పరదాలు. అంగడికి వచ్చినవాళ్లు బేరం మరిచిపోయి దాని ముందు నిలబడుతున్నారు. నీళ్ల మీద ఇల్లేమిటి, అందులో వండుకు తిని పడుకోవడమేమిటి అని ముక్కున వేలేసుకుంటున్నారు. నాకు మాత్రం నవ్వొస్తుంది. అట్లాంటి ఇల్లు మా కర్నూలు-కడప కాలువ, అదే కె.సి. కాలువ మీద ఎప్పుడో నడిచింది. అందులో కుంపటి ఉండేది, ఊరగాయ జాడీలు ఉండేవి, పరదా కూడా ఉండేది. ఆ పరదా ఈ అంగడిలోనే నేను చించి ఇచ్చిన గళ్ల గుడ్డ. ఇల్లు కట్టినవాడు మా బావ. ఆయన పోయి ఏళ్లయింది. అయినా ఈ క్యాలెండరు చూసి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. "బాగనే ఉండాది గానీ బామ్మర్దీ, దీనికి ఎద్దులేవీ?" అనేవాడు.

బావది ఆళ్లగడ్డ పక్కన, కాలువ గట్టునే ఉన్న పల్లె. కాలువ ఇంటి ముందే పారుతున్నా ఆయన చేను మెరక మీద ఉండేది, నీళ్లు ఎక్కేవి కావు. అందుకని బావి తవ్వుకుని, ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలేవాడు. కాలువను ఎదురుగా పెట్టుకుని బావి తవ్వుకున్న మొగోడు ఈ జిల్లాలో ఈయనొక్కడే అని మా అక్క దెప్పేది. బావ ఆ మాటకు నొచ్చుకునేవాడు కాదు. పైగా ఇంటికి వచ్చిన చుట్టాలకు తనే ఆ మాట చెప్పి నవ్వించేవాడు.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఎర్రంచు తువ్వాలు ఉండేది. ఏది కొలవాలన్నా దాంతోనే. గోడ ఎత్తు, గడ్డివామి చుట్టుకొలత, చివరికి నా పెళ్లి పందిరి కూడా తువ్వాలు లెక్కనే వేయించాడు. పందిరి ఇంటికంటే పొడుగొచ్చి, పక్కింటివాళ్ల బర్రె కూడా నీడన నిలబడి మా పెళ్లి చూసింది. ఇది కుదరదేమో అని ఎవరైనా గొణిగితే బావ వాదించేవాడు కాదు. తువ్వాలు దులిపి, మడతలు పెట్టి, ఎక్కడుంటే అక్కడే నేల మీద పరిచి కూర్చుని, "అయితాదిలే, కూసో" అనేవాడు. ఆయన కూర్చున్నాడంటే ఆ సంగతి తేలిపోయినట్టే. ఇక ఎవరు లేపినా లేచేది లేదు.

ఒకసారి పొయ్యి పొగకు కళ్లు పోతున్నాయని అక్క విసుక్కుంది. ఏ ఆడమనిషైనా విసుక్కునేదే. బావ గడ్డపార తెచ్చి, అన్నం ఉడుకుతుండగానే, పొయ్యి పైన గోడకు బొక్క కొట్టాడు. మట్టి పెళ్లలు కుండలో పడ్డాయి. ఆ అన్నమే వడ్డించుకుని, పొగ తగలని అన్నం రుచే వేరని మెచ్చుకుంటూ తిన్నాడు. అక్కకు ఏ కష్టం వచ్చినా ఆ పూటే తీరిపోవాలి ఆయనకు. అందుకే ఆమె ఏదైనా కావాలని అడగడానికి భయపడేది, తిట్టడానికి మాత్రం భయపడేది కాదు. వాళ్లిద్దరూ మామూలుగా మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్లు కొట్లాట అనుకుని విడదీయడానికి వచ్చేవాళ్లు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్తలో, మిద్దె మీద ఎండబోసిన మిరపకాయలు దించుతూ అక్క నిచ్చెన మీది నుంచి పడింది. నడుము దెబ్బతింది. కొన్నాళ్లకు లేచి ఇంట్లో మెల్లగా తిరగగలిగింది, కూర్చుని వంట చేయగలిగింది. కుదుపు మాత్రం తట్టుకోలేకపోయేది. బండెక్కితే ఊరు దాటకముందే ప్రాణం పోతోందని దిగిపోయేది. ఇక బస్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రోజుల్లో మా బస్సుల్లోంచి నడుము బాగున్నవాళ్లే నడుము పట్టుకుని దిగేవాళ్లు.

సరిగ్గా అప్పుడే నాకు కూతురు పుట్టింది. మా ఇళ్లలో బిడ్డను తొట్టెల్లో వేసి పేరు పెట్టవలసింది మేనత్త. నా బిడ్డకు ఉన్నది ఒక్కతే మేనత్త. మా అమ్మ నన్ను కని పోతే, చంకనేసుకుని తిరిగి పెంచింది అక్కే. నన్ను ఊపిన చెయ్యే నా బిడ్డను ఊపాలని నాకు పట్టుదల. ఆమె రాలేకపోతే బిడ్డను తీసుకుని నేనే వస్తానన్నాను. అక్క వద్దంది. తొట్టెల కట్టవలసింది పుట్టింటి దూలానికి, ఎక్కడపడితే అక్కడ కాదు అంది. నా కోసం ఆగకండి, వేరే ఎవరి చేతనైనా కానియ్యండి అని కూడా కబురు పంపింది. ఆ కబురు తెచ్చిన మనిషి, ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్లు తుడుచుకుందని చెప్పాడు. ఇక నేనెట్లా కానిస్తాను? ఆగాను. నా కూతురు బోర్లా పడింది, పాకింది, పేరు మాత్రం రాలేదు. ఊరంతా పేర్లేని పాప అనడం మొదలుపెట్టారు. చివరికి అదే పేరై కూర్చుంటుందేమోనని నా భార్యకు బెంగ పట్టుకుంది.

ఉండబట్టలేక ఆళ్లగడ్డ వైపు వెళ్లాను. అక్కను మంచం మీద పడుకోబెట్టి మెల్లగా మోసుకుపోదామని బావతో అన్నాను. వంటింట్లోంచి అక్క వినింది.

"మంచం మీద నలుగురు మోసుకోని పొయ్యేది యాడికో నాకు తెలుసులేరా. ఆడికి పోను ఇంకా తొందర లేదు."

బావ వాకిట్లో నిలబడి కాలువ వైపు చూస్తున్నాడు. నీటి మీద ఎండుటాకు ఒకటి పోతోంది. అది కనుమరుగయ్యేదాకా చూసి, తువ్వాలు దులిపి పరిచి కూర్చున్నాడు.

"నీళ్లకు గుంతలుండవు గదా బామ్మర్దీ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వారం తర్వాత మళ్లీ వెళ్లేసరికి అర్థమైంది. గూడుబండి చక్రాలు ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. అది అక్క పెళ్లికూతురై వచ్చిన బండి. వెదురు బద్దల గూడు, లోపల పడుకోవడానికి చోటు, జిల్లాలో అంతకంటే మంచి బండి లేదని బావ గొప్పలు పోయేవాడు. దాన్ని బోసిగా వాకిట్లో దించి, చుట్టూ తువ్వాలుతో కొలుస్తున్నాడు. పక్కన ఖాళీ తారు పీపాలు. రాజధానికి పోయే రోడ్డుకు తారు పోస్తుంటే మేస్త్రీని మంచి చేసుకుని తెచ్చాడట. కాసీం మామ వాటి మూతలకు మాట్లు వేస్తున్నాడు. కాసీం మామ బిందెలకూ బకెట్లకూ మాట్లు వేసే మనిషి, బావకు చిన్ననాటి జతగాడు. పీపా ముంచాలని వచ్చిన నీళ్లు కూడా తన మాటు చూసి వెనక్కి పోతాయని చెప్పుకునేవాడు.

పీపాల మీద వెదుళ్లు కట్టి, వెదుళ్ల మీద చక్రాలు లేని బండి బిగించారు. ఊరంతా గట్టు మీద చేరింది. నీళ్లలోకి తోయగానే అది నిండుగా తేలింది. బావ గర్వంగా అందరి వైపు చూసి, ఒక అంచున కాలు పెట్టాడు. అంతే, ఇల్లు ఆ పక్కకు ఒరిగింది, బావ నీళ్లలో పడ్డాడు. తువ్వాలు ఆయన కంటే ముందు తేలి ఆళ్లగడ్డ దారి పట్టింది. జనం కడుపుబ్బ నవ్వారు. బావ పైకి లేచి ముఖం తుడుచుకుని, నీళ్లు చల్లగా బాగున్నాయన్నాడు. తర్వాత పీపాలు మరీ దగ్గరగా కట్టామని, ఎడంగా జరపాలని చెప్పి, తువ్వాలు వెంట ఈదుకుంటూ పోయాడు. రెండోసారి కట్టినప్పుడు ఊళ్లో లావుపాటి మనుషులందరినీ పిలిచి ఒకే అంచున నిలబెట్టాడు. ఇల్లు కదల్లేదు.

అప్పటిదాకా తిడుతూనే ఉన్న అక్క ఒక మాట అంది. కొత్త ఇల్లు కాబట్టి పాలు పొంగించకుండా అడుగు పెట్టనంది. బావ కుంపటి ఎక్కించాడు, మామిడాకుల తోరణం కట్టాడు. గట్టు నుంచి ఇంటికి వేసిన పలక మీద అక్కే కూర్చుని ముగ్గు వేసింది. పాలు పొంగాయి. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు పసుపు కుంకుమ పెట్టుకుని పోయారు. ఉల్లిగడ్డలు, జొన్నపిండి, ఊరగాయ జాడీలు, పెరుగు ఉట్టి, ఒక్కొక్కటే లోపలికి చేరాయి. మూడు రోజుల పయనానికి మూడు నెలల సామానా అని నేనంటే, ఇల్లన్న తర్వాత అన్నీ ఉండాలని అక్క నన్నే కసిరింది. ఆమె ముఖంలో వెలుగు చూసి చాలా రోజులైంది.

నీళ్లు నంద్యాల వైపు నుంచి ఆళ్లగడ్డకు పారతాయి. మా ఊరు ఎగువన నంద్యాలకు దగ్గర. అంటే ఏటికి ఎదురు పోవాలి. గట్టు మీద ఎద్దులు నడుస్తూ తాడుతో లాగాలి, ఇంటి మీద కాసీం మామ గడకర్రతో అది గట్టుకు తగలకుండా చూసుకోవాలి. బావ ఎంచిన జత కపిల ఎద్దులు. తాడు లాగడంలో చేయి తిరిగినవి, నిదానమైనవి, ఒక్క కుదుపు ఇవ్వవు అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

పొద్దున్నే బయలుదేరాం. బావ అలవాటుగా కపిల పాట ఎత్తుకున్నాడు. ఎద్దులు మెత్తగా కదిలాయి, ఇల్లు కదిలింది, లోపల పెరుగు కుండ కూడా కదల్లేదు. పరదా పక్కకు తీసి అక్క బయటికి చూసింది. అంతలో బావ చరణం ముగించాడు. ఎద్దులు టక్కున ఆగాయి. ఆగి, ఇద్దరు ముసలివాళ్లు గుమ్మం దాటుతున్నట్టు, ఒక్కొక్క అడుగే వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. తాడు వదులైంది. ఇల్లు మెల్లగా బయలుదేరిన రేవుకే పోయి తగిలింది.

కపిల ఎరగనివాళ్లకు చెప్పాలి. కపిల ఎద్దులు బావి దగ్గర నుంచి పల్లంలోకి నడుస్తూ తాడు లాగుతాయి, నీళ్ల బాన పైకి వస్తుంది. నీళ్లు పారగానే తోలేవాడు పాట చరణం సాగదీసి దించేస్తాడు. ఆ దించడమే ఎద్దులకు గుర్తు. తిరగకుండా, అట్లాగే వెనక్కి నడిచి మళ్లీ బావి దగ్గరికి వస్తాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అవి చేసింది అదే. ఇవి బావి మీద ఉన్నామనుకుంటున్నాయి.

మళ్లీ పాట ఎత్తుకుంటే మళ్లీ కదిలాయి, చరణం దిగగానే మళ్లీ వెనక్కి. గట్టు మీద జనానికి పండగైంది. పాట లేకుండా అదిలించాడు, అవి కదల్లేదు. కొడితే కుదుపు వస్తుంది, పైగా బావ ఆ జత మీద ఏనాడూ కర్ర ఎత్తలేదు. వేరే ఎద్దులు చూద్దామన్నాను. బావ వాటి వైపు చూశాడు, ఇంటి వైపు చూశాడు. తువ్వాలు తీయబోయి మళ్లీ భుజాన వేసుకున్నాడు. ఆయన కూర్చోకుండా ఆలోచించడం నేను అప్పుడే చూశాను.

"దించితేనే గదా వెనక్కి పొయ్యేది," అన్నాడు. "దించకుండా పాడ్తే సరి."

చెప్పినంత సులువా? బావ చరణం పట్టుకుని లాగాడు, లాగాడు. మెడ నరాలు తేలాయి. ఎద్దులు ముందుకు పోతూనే ఉన్నాయి. ఊపిరి అయిపోయే సమయానికి నన్ను అందుకోమని చెయ్యూపాడు. నేను అందుకున్నాను. ఎద్దులు ఆగి, తలలు తిప్పి నా వైపు చూశాయి. కాసీం మామ ఇంటి మీది నుంచి తనకొచ్చిన ఉర్దూ పాట ఎత్తుకున్నాడు. గొంతు మంచిదే, ఎద్దులకు ఆ పాట రాదు. ఇల్లు మళ్లీ వెనక్కి జారుతోంది. బావ గుడ్లు తేలేసి రొప్పుతున్నాడు. ఈ లెక్కన మేము మా ఊరు చేరేది లేదని, బిడ్డకు పేరు రాదని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు గూటిలోంచి పాట వినబడింది. బావ కపిల తోలుతుంటే అవతల మడుల్లోకి నీళ్లు మళ్లించింది ఇన్నేళ్లూ అక్కే. ఆ పాట ఆయన నోట ఎంత ఉందో ఆమె చెవిలో అంత ఉంది. నడుము పడినప్పటి నుంచి చేనికి పోలేదు, పాట కూడా మానేసింది. గొంతు మొదట కొంచెం వణికింది, తర్వాత నిలబడింది. ఎద్దులు చెవులు రిక్కించి కదిలాయి. అక్క ఊపిరి తగ్గేసరికి బావ అందుకున్నాడు. బావది తగ్గేసరికి అక్క.

అంత దారి పొడుగునా పాడటానికి ఆ పాటకు మాటలు ఎక్కడివి? పాట అయిపోతే అక్క దారిలో కనబడిందల్లా చేర్చింది. వచ్చిన ఊరు పేరు, గట్టు మీది తుమ్మచెట్టు, గుడ్డలు ఉతికే ఆడవాళ్లు, ఎప్పుడో బొక్క పడిన గోడ, మట్టి తిన్న మొగుడు, చిన్నప్పుడు నేను దొంగిలించిన బెల్లం, అన్నీ ఆ వరసలోనే వచ్చాయి. గట్టున ఉన్నవాళ్లు తమ మీద పాట కట్టిందని వెంట నడిచారు. మామూలుగా అనే తిట్లే పాటలో అంటుంటే బావ నవ్వు ఆపుకోలేక, తన వంతు వచ్చినప్పుడు నవ్వుతూనే అందుకునేవాడు. వాళ్లిద్దరి మధ్య అంత ప్రేమ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. అంతకుముందు అనుమానం కూడా రాలేదు. వంతెన ఒకటి తక్కువ ఎత్తులో ఉంటే గూటి నెత్తి గీసుకుంది, అది కూడా పాటలోకి ఎక్కింది. మధ్యలో ఎద్దులను మేతకు ఆపినప్పుడు అక్క కుంపటి మీద రొట్టెలు కాల్చి పెట్టింది. నీళ్ల మీద కూర్చుని, ఊరగాయ నంజుకుని వేడి రొట్టె తిన్న రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

మూడో నాడు మా రేవు చేరేసరికి నా భార్య బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. బిడ్డను చూడగానే అక్క పాట మరిచిపోయింది. ఎద్దులు వెనక్కి నడిచాయి, చేతికందే దూరంలో ఉన్న ఇల్లు రేవు నుంచి జరిగిపోయింది. పాడండి, పాడండి అని నేనూ కాసీం మామా అరుస్తుంటే ఊరివాళ్లకు మాకు పిచ్చెక్కిందనిపించి ఉంటుంది. అక్క నవ్వుతో ఏడుస్తోంది, పాట రాదు. బొంగురుపోయిన గొంతుతో బావే మళ్లీ అందుకుని ఇంటిని రేవుకు చేర్చాడు. అక్క తన కాళ్ల మీద నడిచి పుట్టింటి గడప తొక్కింది.

తొట్టెల దూలానికి కట్టి, అందులో వేసి, అక్క బిడ్డ చెవిలో పేరు చెప్పింది. గంగ. నా భార్య వేరే పేరు అనుకుని ఉంది కానీ, నీళ్ల మీద వచ్చిన పేరును ఎవరు కాదంటారు?

అక్క కొన్నాళ్లు ఉంది. పొద్దస్తమానం తొట్టెల పక్కనే. బావకు మిరపచేను మీద ధ్యాస, మడులు ఎండిపోతుంటాయని రోజూ ఆకాశం చూసేవాడు. ఒకనాడు రేపు పోదామన్నాడు. అక్క సరేనంది. తెల్లవారి ఒడి నింపించుకుని, దూలాన్ని ఒకసారి తడిమి, ఇల్లెక్కింది. గంగ చెయ్యి వదలలేక వదలలేక వదిలింది. "మళ్లా ఎప్పుడొస్తానో తల్లీ," అని పరదా దించుకుంది.

పోయేది వాలుకు. ఎద్దులకు తాడు లేదు, పని లేదు, ఊరికే గట్టు మీద, తేలే ఇంటికి ముందుగా నడుస్తున్నాయి. పాట అక్కర్లేదు. అయినా నాలుగడుగులు పోగానే బావ గొంతెత్తాడు. వచ్చేటప్పుడు దారి పొడుగునా తెగకుండా కాపాడుకున్న పాట అది. ఒక్క చరణం పాడాడు. పాడి, బావి మీద చేసినట్టే సాగదీసి, చక్కగా దించేశాడు.

ఎద్దులు ఆగాయి. ఆగి, మా ఇంటి వైపు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. కాసీం మామ గడకర్ర నేలకు పొడిచి ఇంటిని నిలిపాడు. పరదా తొలగింది.

"సూస్తివా," అంది అక్క. "ఎద్దులకు గూడా పోబుద్ది కాలే."

"ఏం జేద్దాం, మొండి గొడ్లు," అన్నాడు బావ. ఎటో చూస్తూ తువ్వాలు దులిపి, మడతలు పెట్టి, గట్టు మీద పరిచి కూర్చున్నాడు. "రేపు సూద్దాంలే."

అక్క ఆయన వైపు చూసింది. తిట్టలేదు. కాసీం మామ చెయ్యి పట్టుకుని దిగి, నా భార్య చంకలోంచి గంగను అందుకుని, మా ఇంట్లోకి నడిచింది.